మళ్ళీ లోపలికి వెళ్ళాడంటే, ఏ కాగితం మీద వెళ్ళాడు?

పర్లాకిమిడి బజార్లోనో గుణుపురం బస్టాండులోనో "ఫలానా కుర్రాడు మళ్ళీ లోపలికెళ్ళాడట" అన్న మాట వినిపిస్తే, వెనకాలే ఇంకో మాట వస్తుంది: "బుద్ధి రాలేదు." ఆ తీర్పు చెప్పేముందు అడగాల్సింది ఒకటుంది. ఏ కాగితం మీద వెళ్ళాడు? కొత్త ఎఫ్ఐఆర్ మీదా, పాత కేసులో వాయిదా తప్పిన వారెంటు మీదా, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు దగ్గర గొడవ చేయనని రాసిచ్చిన పూచీకత్తు, అంటే బైండోవర్, తప్పినందుకా? ఊరికి మూడూ ఒకేలా కనిపిస్తాయి. జీపు వస్తుంది, మనిషి పోతాడు, ఇంట్లోవాళ్ళు ములాఖత్‌కి తిరుగుతారు. మూడింటిలో కొత్త నేరం ఖాయంగా ఉందని చెప్పలేం. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో, అంటే గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరిలో, రెండో రకం చాలా మామూలు. కారణం సరిహద్దే. ఇల్లు ఒక రాష్ట్రంలో, కేసు ఇంకో రాష్ట్రంలో.

లెక్కల్లోనూ చిక్కుంది. 2022 చివరికి దేశంలోని జైళ్ళలో ఉన్నవాళ్ళు 5,73,220 మంది. అందులో 4,34,302 మంది, అంటే 75.8 శాతం, విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్షే పడలేదన్నమాట. అలవాటుగా నేరం చేసేవాళ్ళ సంఖ్యను జైలు గణాంకాలు శిక్ష పడినవాళ్ళలోంచే ఏరి చూపిస్తాయి. మూడు కేసుల్లో మూడుసార్లు రిమాండుకెళ్ళి, ఒక్కదాంట్లోనూ తీర్పు రానివాడు ఆ లెక్కలో లేడు. పునరావాసం ఏర్పాట్లూ అలాగే తయారయ్యాయి. జైల్లో చేతిపని నేర్పడం, కూలి జమచేయడం, విడుదలకు ముందు కుటుంబంతో మాట్లాడించడం, ఇవన్నీ శిక్షాకాలం ఫలానా తేదీకి ముగుస్తుందని తెలిసిన మనిషికోసం. బెయిలు ఆర్డరు సాయంత్రం వస్తే ఆ రాత్రికే బయటపడే రిమాండు ఖైదీకి వాటిలో ఒక్కటీ అందదు. జైలు నుంచి బయటికొచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇతనిలాంటి వాళ్ళే.

ఈ ప్రాంతంలో ఎక్కువగా కనిపించేది గంజాయి కేసు. మల్కన్‌గిరి, కొరాపుట్, గజపతి కొండల్లో పండిన సరుకు సీలేరు, చింతూరు, పాడేరు, సాలూరు, పాతపట్నం దారుల్లో దిగుతుంది. దొరికేది మోసేవాడు: కూలి, ఆటో డ్రైవరు, లారీ క్లీనరు, బ్యాగు పట్టుకుని రైలెక్కిన కాలేజీ కుర్రాడు. ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టంలో గంజాయికి మూడు మెట్లున్నాయి. కిలో వరకూ ఉంటే చిన్న పరిమాణం, ఏడాది వరకూ శిక్ష. కిలోకి పైన, 20 కిలోల లోపు అయితే 10 ఏళ్ళ వరకూ శిక్ష, లక్ష వరకూ జరిమానా. 20 కిలోల మెట్టు దాటితే వాణిజ్య పరిమాణం: కనీసం 10 ఏళ్ళు, గరిష్ఠం 20 ఏళ్ళు, లక్షకు తగ్గని జరిమానా. పైగా 37వ సెక్షన్ అడ్డొస్తుంది. నిందితుడు నేరం చేయలేదనీ, బయటికొచ్చాక చేయడనీ నమ్మడానికి తగిన ఆధారాలున్నాయని కోర్టుకు తోస్తేనే బెయిలు. ఒకసారి శిక్ష పడినవాడు అదే తరహా నేరంలో మళ్ళీ దొరికితే 31వ సెక్షన్ కింద శిక్ష ఒకటిన్నర రెట్లవుతుంది. కనీసం 10 ఏళ్ళు కాస్తా 15 అవుతాయి.

ఇంత కఠినమైన చట్టం తలమీద ఉండగా మళ్ళీ ఎందుకు మోస్తాడు? ఆశ అంటారు. ఆశ మొదటి ట్రిప్పుకి సరిపోయే జవాబు. రెండో ట్రిప్పు దగ్గర అడగాల్సింది, మొదటి కేసులో బెయిలు ఖర్చు ఎవరు పెట్టారని. వకీలు ఫీజు, ష్యూరిటీలను తెచ్చుకునే ఖర్చు, ఇంట్లోవాళ్ళు విశాఖపట్నం తిరిగిన ఛార్జీలు, లోపలున్నన్నాళ్ళూ ఇంటికి చేరిన బియ్యం. చాలాసార్లు ఇవి పెట్టేది సరుకు పంపించినవాడే. అతను దయగా ఏం పెట్టడు. పేరు బయటికి రాకుండా ఉండడానికి కొంత, బయటికొచ్చాక పని చేయించుకోడానికి కొంత. బయటికొచ్చిన వారంలోపే ఫోను వస్తుంది: రెండు ట్రిప్పులు కొట్టు, లెక్క చెల్లు. ఒడిశాలో దాదన్ కూలీకి, అంటే వలస కూలీకి, ముందే బయానా ఇచ్చి బట్టీలకు పంపే పద్ధతి ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే. మనిషిని కట్టేసేది అప్పు. దాన్ని విప్పకుండా ఎన్ని కౌన్సెలింగులు పెట్టినా ఏం లాభం?

జైలు లోపల ఈ పట్టు ఇంకాస్త బిగుస్తుంది. 2022లో దేశంలో జైళ్ళు సగటున 131.4 శాతం నిండి ఉన్నాయి. విశాఖ సెంట్రల్ జైలు గంజాయి కేసులవాళ్ళతో కిక్కిరిసి ఉండడం ఏళ్ళుగా తెలిసిన సంగతే. ఒకే బ్యారక్‌లో మోసినవాడూ, మోయించినవాడి మనిషీ, ఇంకో దారిలో మోయించేవాడి మనిషీ పక్కపక్కనే పడుకుంటారు. అక్కడ కొత్త నేరం నేర్చుకునేది తక్కువ. ఎవరి దగ్గర ఎంత కూలి దొరుకుతుంది, ఎవరు వకీలును పెడతారు, బయట ఎవరికి ఫోను చేయాలి, ఈ మూడూ తెలుసుకుని వస్తారు.

ష్యూరిటీ అనే మొదటి గోడ

బెయిలు మంజూరైంది, మనిషి మాత్రం లోపలే ఉన్నాడు. ఈ జిల్లాలవాళ్ళకు బాగా తెలిసిన స్థితి. కోర్టు ఇద్దరు జామీనుదారులను, అంటే ష్యూరిటీలను, అడుగుతుంది. చిత్రకొండ మనిషికి విశాఖలో పొలమున్న చుట్టం ఎక్కడినుంచి వస్తాడు? 1978లోనే మోతీరాం కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. వేరే జిల్లావాడన్న కారణంతో జామీనుదారుణ్ణి కాదన్న కింది కోర్టును జస్టిస్ కృష్ణయ్యర్ తప్పుపట్టారు. ఆంధ్రా మనిషి బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తున్న జామీనుదారుణ్ణి ఎలా తెస్తాడని ఆ తీర్పులోనే అడిగారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మరింత వివరంగా ఆదేశాలిచ్చింది. బెయిలు ఆర్డరు కాపీ అదే రోజు గానీ మర్నాడు గానీ జైలు సూపరింటెండెంటు ద్వారా ఖైదీకి చేరాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. నెల దాటినా పూచీకత్తు పెట్టలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టు తనంతట తానే చూడవచ్చు. స్థానిక ష్యూరిటీనే తెమ్మనడం ఆలస్యానికి ఒక కారణమనీ, కోర్టులు అలాంటి షరతు పెట్టకుండా ఉండవచ్చుననీ ఆ ఆదేశాల్లోనే ఉంది. 2024 ఆగస్టులో గిరీశ్ గాంధీ కేసులో, ఎన్నో రాష్ట్రాల్లో 13 కేసులున్న మనిషికి ఒక్కో కేసుకీ వేర్వేరు జామీనుదారులు అక్కర్లేదు, ఒక రాష్ట్రంలోని కేసులన్నిటికీ ఒకే జత చాలునంది.

ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. వీటిని పిటిషన్‌లో రాసి కోర్టు ముందు పెట్టేవాళ్ళు లేనప్పుడు ఏమవుతుంది? కిరాయి ష్యూరిటీ వస్తాడు. ఒకే పాసుపుస్తకంతో నాలుగు కేసుల్లో నిలబడేవాళ్ళు ఉంటారు. తనిఖీలో అది బయటపడితే పూచీకత్తు చెల్లదు. నిందితుడు ఏ తప్పూ చేయకుండానే మళ్ళీ లోపలికి. డబ్బు పోయింది, జామీనూ పోయింది. ఊరివాళ్ళ లెక్కలో రెండోసారి జైలు.

పేదలకోసమని కేంద్రం 2023లో పెట్టిన సాయం పథకం సంగతి కూడా ఇక్కడే. మొదలుపెట్టినప్పటి నిబంధనల ప్రకారం విచారణ ఖైదీకి బెయిలు కోసం 40 వేల వరకూ, శిక్ష పడినవాళ్ళ జరిమానాకు 25 వేల వరకూ జిల్లా కమిటీ ఇవ్వవచ్చు. అంతకుమించితే రాష్ట్రస్థాయి కమిటీ. అయితే ఎన్‌డీపీఎస్ కేసుల విచారణ ఖైదీలను అందులోంచి తీసేశారు. మల్కన్‌గిరి పేదవాడు ఎక్కువగా ఏ కేసులో ఇరుక్కుంటాడో సరిగ్గా ఆ కేసునే పథకం వదిలేసింది. ఆ ఖాళీని నింపేది ఎవరో పైన చెప్పుకున్నాం.

వాయిదా తప్పడం

బయటికొచ్చాక అసలు పరీక్ష వాయిదా. మల్కన్‌గిరి నుంచి విశాఖ వెళ్ళిరావాలంటే రాత్రి బస్సు, పగలంతా కోర్టు, మళ్ళీ రాత్రి బస్సు. రెండు మూడు రోజుల కూలి పోతుంది, ఛార్జీలు వేరే. వెళ్తే సాక్షి రాలేదనో జడ్జిగారు సెలవనో తేదీ మారుతుంది. ఇలా ఆరేడుసార్లయ్యాక ఒక వాయిదా వదిలేస్తారు. ఆ ఒక్కదానికే నాన్‌బెయిలబుల్ వారెంటు వస్తుంది. బెయిలు మీదుండి హాజరుకాకపోవడం భారతీయ న్యాయ సంహిత 269వ సెక్షన్ కింద విడిగా ఒక నేరం, ఏడాది వరకూ శిక్ష. జామీనుదారులకు నోటీసులు వెళ్తాయి. వాళ్ళు బంధువులైతే ఇంట్లో తగువు మొదలవుతుంది.

భాష దీన్ని ఇంకా చిక్కు చేస్తుంది. రాయగడలోనో బరంపురంలోనో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, చదివింది ఒడియా బడిలో. ఆంధ్రాలో కేసైతే తెలుగులో ఉన్న కాగితం అతను చదవలేడు. అడగడానికి సిగ్గు, తెలుగువాడే కదా అని పోలీసులూ కోర్టు గుమాస్తాలూ చదివి వినిపించరు. పెద్దవయసు వాళ్ళలో కొందరికి ఇదే తిరగబడి ఉంటుంది, ఒడియా మాట వచ్చు, అక్షరం రాదు. సవర, కువి, కోయ మాత్రమే వచ్చినవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. బెయిలు షరతుల్లో "ప్రతి ఆదివారం స్టేషన్‌లో సంతకం" అని ఉన్నట్టు తెలియక తప్పినవాళ్ళు నిజంగానే ఉంటారు.

దీనికి మందు కష్టమైనదేం కాదు, తెలియాలంతే. ఏ వాయిదాకైనా రాలేకపోతే ఆ ఉదయమే వకీలు ద్వారా గైర్హాజరు పిటిషన్ వేయించాలి. కోర్టుల్లో ఇప్పటికీ దాన్ని 317 పిటిషన్ అనే పిలుస్తారు. కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 355వ సెక్షన్. తేదీ దాటిపోయి వారెంటు వచ్చేస్తే దాక్కోవడం అన్నిటికంటే చెడ్డ దారి. పోలీసులు పట్టుకోకముందే వకీలుతో కోర్టుకెళ్ళి అదే సంహిత 72వ సెక్షన్ కింద వారెంటు వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషన్ వేయాలి. రాలేకపోయినందుకు ఆసుపత్రి చీటీ, బస్సు రద్దయిన ఆధారం, ఇంట్లో చావు, ఏది నిజమైతే అది చూపించాలి. తానే వచ్చినవాడికీ పట్టుబడి వచ్చినవాడికీ మధ్య కోర్టు చూపించే తేడా చాలా పెద్దది. తేదీ కోసం ఎవరినీ నమ్మక్కర్లేదు. కేసుకు 16 అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే తర్వాతి వాయిదా కనిపిస్తుంది. వకీలు ఫోనెత్తడం మానేసినా యాప్ ఎత్తుతుంది. వకీలే లేకపోతే న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100. కస్టడీలో ఉన్నవాళ్ళకూ, ఎస్సీ ఎస్టీలకూ, మహిళలకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. కేసు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ జిల్లా సంస్థనే అడగాలన్నది మరవకూడదు. గజపతి జిల్లా సంస్థ శ్రీకాకుళం కోర్టులో వకీలును పెట్టడం కుదరదు.

ఇంకొక ఉచ్చు జైలు గేటు దగ్గరే ఉంటుంది. ఒక కేసులో బెయిలొచ్చి బయట అడుగు పెట్టేలోపు ఇంకో స్టేషన్‌వాళ్ళు జైల్లో ఉన్నవాణ్ణి తమ కేసులోకి తీసుకెళ్ళే పీటీ వారెంటుతో నిలబడతారు. ఇలాంటప్పుడు నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ కూడా పనికిరాదు. ఆ సెక్షన్ ప్రకారం, ఇంతకు ముందెప్పుడూ శిక్ష పడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడోవంతు, మిగతావాళ్ళు సగం లోపల గడిపితే విడుదలకు సూపరింటెండెంటే కోర్టుకు రాయాలి. 10 ఏళ్ళ కేసులో మూడోవంతంటే 3 ఏళ్ళ 4 నెలలు. కానీ ఒకటికి మించి కేసులు నడుస్తుంటే ఆ సౌకర్యం లేదని అదే సెక్షన్ చెబుతుంది. చావో బతుకో అన్నంత పెద్ద కేసులకు, అంటే మరణశిక్ష, యావజ్జీవం పడే వాటికి, అసలే వర్తించదు. అందుకే మొదటి కేసు మీద రెండోది పడకుండా చూసుకోవడం మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

చచ్చిపోయిన సిమ్

ఆరు నెలలు లోపలుండి వచ్చినవాడి జేబు చూడండి. ఫోను కేసు ఆస్తిగా కోర్టులో ఉంది. 90 రోజులు వాడకం లేకపోతే నంబరు రద్దయ్యే ప్రమాదముంది కాబట్టి సిమ్ చచ్చిపోయింది. ఆధార్‌కీ బ్యాంకుకీ ఆ నంబరే. ఓటీపీ రాదు. రేషన్ కార్డులో అతని పేరుకు ఈ-కేవైసీ జరగలేదు. రెండేళ్ళు దాటితే బ్యాంకు ఖాతా నిద్రపోతుంది. ఈ ముడి విప్పడానికి ఒక వరస ఉంది, అది తప్పితే పది రోజులు తిరుగుడే. ముందు దుకాణంలో వేలిముద్రతో కొత్త సిమ్. తర్వాత ఆధార్ కేంద్రానికెళ్ళి ఆ నంబరు ఎక్కించుకోవడం, దీనికి పాత ఓటీపీ అడగరు. అది ఎక్కాక బ్యాంకు కేవైసీ. ఆఖర్న రేషన్ డీలరు దగ్గర వేలిముద్ర. రెండు రాష్ట్రాలూ తమవేనంటున్న కోటియా ఊళ్ళలాంటి చోట, ఒడిశా కార్డూ ఆంధ్రా కార్డూ రెండూ ఉన్నవాళ్ళు, బెయిలు కాగితాల్లో ఏ చిరునామా ఇచ్చారో అదే వాడుతూ పోవాలి. చిరునామా మారితే పారిపోయినట్టు రాస్తారు.

బండి సంగతి వేరే బాధ. గంజాయి దొరికిన ఆటోనో బైకునో సీజ్ చేస్తారు, ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు. స్టేషన్ ఆవరణలో ఎండకీ వానకీ టైర్లు పగిలేదాకా ఉంటుంది. ఎన్‌డీపీఎస్ కేసుల్లో బండి మధ్యంతరంగా ఇవ్వరని చాలా కాలం నమ్మకం. 2025 జనవరిలో అస్సాం కేసు ఒకదాంట్లో సుప్రీంకోర్టు అలాంటి అడ్డేమీ లేదని చెప్పింది. ముఖ్యంగా యజమాని ఒకరు, నడిపినవాడు ఇంకొకరు అయినప్పుడు, యజమానికి తెలియకుండా జరిగినప్పుడు, పిటిషన్ వేయడం తప్పనిసరి.

పని దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలుసు, దాన్ని సాగదీయను. తెలియనిది షరతులు పనిని ఎలా చంపుతాయన్నది. గంజాం మనిషికి ఊళ్ళో పని లేకపోయినా సూరత్ మగ్గాల మీద ఎప్పుడూ ఉంటుంది, అన్నదమ్ములు అక్కడే ఉంటారు. పాత స్నేహాలకు దూరంగా ఉండడానికి అంతకంటే మంచి చోటు లేదు. బెయిలు షరతు ఏమంటుంది? జిల్లా దాటొద్దు, వారానికోసారి సంతకం పెట్టు. అలా అతన్ని ఫోన్లు వచ్చే ఊళ్ళోనే, చేతిలో పని లేకుండా కూర్చోబెడతాం. ఛార్జిషీటు పడ్డాక సంతకం షరతు సడలించమని అదే కోర్టును అడగవచ్చు. యజమాని దగ్గర్నుంచి పని కాగితం, ఉండే చిరునామా, పనిచేసే ఫోను నంబరు జతచేస్తే ఒప్పుకునే అవకాశం బాగానే ఉంటుంది. అడగని వకీళ్ళే ఎక్కువ.

ఊరు చేసేది కూడా ఉంది. కొన్ని గూడేల్లో జైలు కూడు తిన్నవాణ్ణి కులంలో కలుపుకోవాలంటే తప్పు కట్టి విందు పెట్టాలి. దాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం తేలిక. కానీ విందు అయ్యాక లెక్క తీరిపోతుంది, మర్నాటి నుంచి ఎవరూ ఎత్తి చూపరు. పట్నాల్లో మనం విందు అడగం, లెక్కా తీర్చం. వీధిలో సైకిలు పోయినా మొదటి పేరు అతనిదే. స్టేషన్‌లో హిస్టరీ షీటు, నాగరిక సురక్షా సంహిత 126వ సెక్షన్ కింద ఏడాదిదాకా గొడవ చేయననో, 129 కింద మూడేళ్ళదాకా మంచి నడవడికతో ఉంటాననో పూచీకత్తు. తాగి గొడవపడ్డా ఆ పూచీ తప్పినట్టే. ఎటొచ్చీ ఈ ప్రాంతంలో ఇప్పసారా ఇంటింటికీ దొరుకుతుంది.

ఊరు భయపడే మనిషి ఒకరు, నిజంగా తిరిగి వెళ్ళే మనిషి ఇంకొకరు. హత్య కేసులో 14 ఏళ్ళుండి నలభై దాటి వచ్చినవాణ్ణి చూసి పిల్లల్ని లోపలికి పిలుస్తారు. ఆ వయసులో, ఆ తరహా కేసులో తిరగబెట్టడం చాలా అరుదు. మూడు నెలలు రిమాండులో ఉండి వచ్చిన పాతికేళ్ళ దొంగను, సారా మోసినవాణ్ణి, గంజాయి మోసినవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. ఉన్న పని పోవడానికి మూడు నెలలు సరిపోతాయి, కొత్త పని నేర్చుకోడానికి చాలవు. అందుకే చిన్న కేసులో అసలు లోపలికి పంపకుండా ఉండే దారి ముందు వెతకాలి. 5 వేల లోపు విలువైన దొంగతనం, మొదటిసారి, సొత్తు తిరిగిచ్చేస్తే భారతీయ న్యాయ సంహితలో సమాజసేవ శిక్ష ఉంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద, అంటే జైలుకు పంపకుండా మంచి నడవడిక షరతుతో, వదిలితే, 12వ సెక్షన్ ప్రకారం ఆ నేరనిర్ధారణకు చట్టం అంటగట్టే అనర్హత రాదు. తీర్పు రోజున అడిగితేనే ఇవన్నీ. అపీలుదాకా ఆగి అడిగేసరికి మనిషి సగం శిక్ష అనుభవించి ఉంటాడు.

విడుదల రోజు గేటు దగ్గరికెళ్ళే ఇంటివాళ్ళకు నాలుగు మాటలు. సాయంత్రం పొద్దుపోయాక వదిలితే ఆఖరి బస్సు ఉండదు, రాత్రి ఉండడానికి చోటు ముందే చూసుకోండి, లేకపోతే చోటు చూపించేవాడు ఇంకెవడో అక్కడ నిలబడి ఉంటాడు. విడుదల కాగితం, తనిఖీలో తీసుకున్న వస్తువుల చీటీ, బెయిలు ఆర్డరు కాపీ అడిగి తీసుకోండి. షరతులు ఎవరిచేతనైనా అతనికి తెలిసిన భాషలో చదివించండి. వేరే స్టేషన్‌లో కేసులేమైనా ఉన్నాయేమో అతన్నే అడగండి, అతనికే తెలుస్తుంది. తర్వాతి వాయిదా తేదీ, కోర్టు పేరు, సీఎన్ఆర్ నంబరు ఒక కాగితం మీద రాసి ఇంటి క్యాలెండరుకు గుచ్చండి. బెయిలు డబ్బు ఎవరు కట్టారో ఆ రాత్రే తేల్చుకోండి.